తలుపు వెనక ముగ్గు

సందుచుక్కల ముగ్గుల్లో అన్నిటికన్నా తేలికైనది ఏదంటే పరికిణీ కట్టుకునే పిల్లను అడిగినా చెబుతుంది. పైన ఒక చుక్క, దాని కింద నాలుగు, ఆ కింద మూడు, మళ్ళీ నాలుగు, అడుగున ఒకటి. మొత్తం 13 చుక్కలు. కొస పైకి ఉన్న త్రికోణం ఒకటి, కొస కిందికి ఉన్న త్రికోణం ఒకటి, రెండూ ఒకదాని మీద ఒకటి పడేలా గీస్తే ఆరుమూలల నక్షత్రం సిద్ధం. చేయి తిరిగిన ఇల్లాలికి అరనిమిషం పని. పాలవాడు వచ్చి సరిగ్గా దాని మీదే బండి నిలబెట్టినా మనం పెద్దగా బాధపడం. రేపు మళ్ళీ వేసుకుంటాం.

ఈ రెండు త్రికోణాల బొమ్మనే గుండ్రటి చట్రంలో బిగించి, పతకంగా చేయించి, రొమ్మున తగిలించుకునే పెద్దమనుషులున్నారు. తలుపులన్నీ వేసుకుని, బయట కత్తి పట్టుకున్న కావలివాణ్ణి నిలబెట్టి, లోపల కూర్చుని దాని అర్థం చెప్పుకుంటారు. ఆ చెప్పుకున్నది బయట చెప్పమని ఒట్టు కూడా పెట్టుకుంటారు. వాళ్ళే ఫ్రీమేసన్లు. ఎక్కడో లండన్లో ఉండేవాళ్ళనుకునేరు! మన హైదరాబాదులోనే, గోషామహల్ బారాదరిలో కూడుతుంటారు.

ముందు ఆ భవనం సంగతి చెప్పాలి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా, అదే, మన రామదాసుగారి కథలో వచ్చే తానాషా, ఆయన కాలంలో 1682లో కట్టిన మహలు అది. మరో అయిదేళ్ళకు, 1687లో, ఔరంగజేబు సైన్యం గోల్కొండను పట్టుకుంది. సుల్తాను పోయాడు, మహలు మిగిలింది. గోషా అంటే మరుగు, పరదా. మన పెద్దవాళ్ళు ‘‘ఫలానా వాళ్ళింట్లో ఘోషా’’ అనేవారే, ఆ మాటే ఇది. ఆ పేరున్న భవనాన్ని 1872లో నిజాం ప్రభుత్వం ఫ్రీమేసన్లకు అప్పగించింది. నూటయాభై ఏళ్ళు దాటినా వాళ్ళ లాడ్జీలకు అదే నెలవు. పరదా అనే పేరున్న ఇంట్లో మగవాళ్ళు పరదా వేసుకుని కూర్చోవడం తలుచుకుంటే నాకు భలే నవ్వొస్తుంది. ఘోషా అంటే ఆడవాళ్ళకే అనుకుంటాం కదూ!

ఇంతకీ ఎవరీ ఫ్రీమేసన్లు? మేసన్ అంటే మరేం కాదు, తాపీమేస్త్రి. వీళ్ళలో జడ్జీలుంటారు, వకీళ్ళుంటారు, డాక్టర్లుంటారు, సైన్యంలో పెద్ద ఉద్యోగులుంటారు. ఒక్కరి చేతికీ సున్నం అంటదు. అయినా నడుముకు గొర్రెపిల్ల తోలుతో చేసిన ఏప్రన్ కట్టుకుంటారు. వాళ్ళ గుర్తులేమో వృత్తలేఖిని, మూలమట్టం, తాపీ, గుండు కట్టిన దారం. ‘‘మగవాళ్ళు ఏప్రన్ కట్టుకుంటే ఎంత మంచిదో, వంటకేనా?’’ అంది మా వదిన ఆశగా. కాదమ్మా, వంట వేరేవాళ్ళే చేస్తారు.

1717లో లండన్ నగరంలో నాలుగు లాడ్జీలవాళ్ళు ఒక సత్రంలో కలుసుకుని పెద్ద లాడ్జిని ఏర్పాటు చేసుకున్నారని వాళ్ళు చెప్పుకునే చరిత్ర. 1730 ప్రాంతానికే కలకత్తాలో లాడ్జి వెలిసింది. తెల్ల సైనికులుండే సికిందరాబాదుకు 1822లో వచ్చింది. మొదట్లో అంతా దొరలే. తరవాత తరవాత నవాబులు, పార్శీలు, హిందువులు చేరారు. ఇంకా వివేకానందుడు కాని నరేంద్రనాథ్ దత్తు కూడా 1884లో కలకత్తాలో ఒక లాడ్జిలో సభ్యుడయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1961లో, భారతదేశానికి సొంతంగా గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. ఆ లోపలికి తరవాత తరవాత కులం, మతం, రంగు అడ్డు కాలేదు గాని, 1723లో అచ్చువేసుకున్న నిబంధనల్లో స్పష్టంగా బయట పెట్టినవాళ్ళలో ఒకళ్ళున్నారు. ఎవరో నేను వేరే చెప్పాలా?

సరే, రాయి కొట్టనివాళ్ళకు రాయి కొట్టేవాళ్ళ పేరెందుకు వచ్చింది? ఐరోపాలో బ్రహ్మాండమైన చర్చీలు కట్టే కాలంలో ఒక్కో కట్టడం రెండు మూడు తరాలు సాగేది. కట్టడం పక్కనే రాతిపనివాళ్ళు పాక వేసుకుని అందులో పనిముట్లు పెట్టుకునేవారు, భోజనం చేసేవారు, కుర్రవాళ్ళకు పని నేర్పేవారు. ఆ పాక పేరే లాడ్జి. కొలతల మర్మం పరాయివాడికి చెబితే కూలి పడిపోతుంది గనక బయట చెప్పకూడదని కట్టు. అంతే రహస్యం! పొట్టకూటి రహస్యం. సుమారు 600 ఏళ్ళ కిందటి రాతప్రతి ఒకటి ఇంగ్లండులో దొరికింది. రాతిపనివాళ్ళ నియమాలన్నీ అందులో పద్యాల్లో ఉన్నాయి. తమ విద్య అసలు పేరు జ్యామితి అనీ, యూక్లిడ్ తమ ఆదిగురువనీ చెప్పుకున్నారు. తరవాత చర్చీల కట్టుబడి తగ్గింది. పాకల్లోకి చదువుకున్న పెద్దమనుషులు ఉత్సాహం కొద్దీ చేరసాగారు. కొన్నాళ్ళకు పనివాళ్ళు కనబడలేదు. పనిముట్లు మాత్రం మిగిలాయి. మూలమట్టం అంటే నడవడిక తిన్నగా ఉండడం, వృత్తలేఖిని అంటే కోరికలకు హద్దు గీసుకోవడం, ఇలా అర్థాలు పుట్టుకొచ్చాయి.

ఆ కథ చదువుతున్నంతసేపూ నా మనసు కీసరగుట్ట మీదే ఉంది.

మేమున్నది నాచారంలో. మల్లాపురం, ఈసీఐఎల్, నాగారం దాటి పోతే కీసర వస్తుంది. శివరాత్రికి హైదరాబాదు హైదరాబాదంతా అక్కడే ఉంటుంది. రాముడు శివలింగం ప్రతిష్ఠించాలని హనుమంతుణ్ణి కాశీకి పంపడం, ముహూర్తం మించిపోతుంటే శివుడే వచ్చి లింగం ఇవ్వడం, ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు అలిగి తను తెచ్చిన 101 లింగాలనూ గుట్టంతా విసిరెయ్యడం, ఈ కథ మీకు తెలిసిందే. కేసరి కొడుకు గనక కేసరిగిరి, అదే కీసర అయిందంటారు. లింగాలు ఎండలో వానలో అలా ఆరుబయటే ఉంటాయి. వాటి సంగతి అలా ఉంచితే, ఈ గుట్ట విష్ణుకుండిన రాజుల నాటి పెద్ద స్థావరం. తవ్వితే కోటగోడలు, ఇటుక కట్టడాల పునాదులు, ఆ రాజుల నాణేలు బయటపడ్డాయి.

కిందటి కార్తీకమాసంలో మేం దర్శనం చేసుకుని మెట్ల పక్కన కూచుంటే, కొబ్బరికాయలమ్మే పెద్దాయన ‘‘దేవుణ్ణి జూశిన్రు, మంచిదే. రాత బండ గూడ జర జూసి పోన్రి అమ్మా. గందరు జూడకుంటనే పోతరు’’ అన్నాడు. ఆ బండ సంగతి నేను పుస్తకాల్లో చదివాను. బండ మీద బ్రాహ్మీ లిపిలో ఒకే ఒక్క మాట ఉంది. దాన్ని ‘తొలుచువాండ్రు’ అని చదివారు పండితులు. సుమారు 5వ శతాబ్దం నాటిది. తెలంగాణలో రాతి మీద దొరికిన తొలి తెలుగు మాటల్లో ఒకటిగా దాన్ని లెక్కపెడతారు. తొలుచువాండ్రు అంటే తొలిచేవాళ్ళు. రాయి తొలిచేవాళ్ళు!

రాజుగారి బిరుదులు లేవు. దానం ఇచ్చిన పొలాల హద్దులు లేవు. శాపనార్థాలు లేవు. ఒక వృత్తి పేరు, అదీ బహువచనంలో. ‘‘నేను’’ అని కాదు, ‘‘మేము’’ అని. లండన్ సత్రంలో దొరలు తాపీమేస్త్రీల పేరు పెట్టుకోవడానికి దరిదాపు 1200 ఏళ్ళ ముందు, మన ఉప్పల్‌కి ఇవతల, నిజంగా ఉలి పట్టిన జట్టు ఒకటి తన పేరు తనే రాసుకుంది. ‘‘పెద్దాయనా, ఇది ఎవరు చెక్కారంటావ్?’’ అని అడిగితే ‘‘కూలోళ్ళేనమ్మా, రాజులకు ఉలి బట్టనొస్తదా?’’ అన్నాడు. అంతకు మించి నేనేం చెప్పగలను!

ఇక జ్యామితి సంగతి. ఒక మేకు, ఒక తాడు ఉంటే చాలు. మేకు పాతి తాడుతో వలయం గీయండి. అదే తాడును వలయం మీద అంచెలంచెలుగా కొలుచుకుంటూ వెళ్ళండి. సరిగ్గా ఆరు సార్లకు బయల్దేరిన చోటికే వస్తారు. అయిదున్నర కాదు, ఆరుంబాతిక కాదు. ఆ ఆరు గుర్తుల్నీ ఒకటి విడిచి ఒకటి కలిపితే మన 13 చుక్కల ముగ్గే! ఇది ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. తాడూ మేకూ ఉన్నచోటల్లా ఆ నక్షత్రం దానంతట అదే పుడుతుంది.

తాడును సంస్కృతంలో శుల్బం అంటారు. యజ్ఞవేదికలు కొలిచి కట్టడానికి రాసుకున్న గ్రంథాలు శుల్బసూత్రాలు. మన తెలుగునాట వైదికుల ఇళ్ళలో ఎక్కువమంది ‘‘ఆపస్తంబ సూత్రం’’ అని ప్రవర చెప్పుకుంటారు కదా, ఆ ఆపస్తంబుడి పేర కూడా ఒక శుల్బసూత్రం ఉంది. మూడు, నాలుగు, అయిదు పాళ్ళుగా తాడును లాగితే మూల తిన్నగా వస్తుందని అందులో ఉంది. ఈనాటికీ ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రి చేసేది అదే. ఫ్రీమేసన్లలో లాడ్జి పెద్దగా పని చేసి దిగినాయన రొమ్మున వేలాడే పతకం మీద ఏం బొమ్మ ఉంటుందో తెలుసా? యూక్లిడ్ మొదటి పుస్తకంలో 47వ సిద్ధాంతం. మన పిల్లలు తొమ్మిదో తరగతిలోనో పదిలోనో పైథాగరస్ సిద్ధాంతం అని బట్టీ కొట్టేదే. మూడు, నాలుగు, అయిదు!

ఇది చెబితే మా ఇంటికొచ్చే ఒక పెద్దాయన ‘‘చూశావా, అంతా మన వేదాల్లోంచి ఎత్తుకుపోయిందే’’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. గోడ కట్టే ప్రతివాడికీ మూల తిన్నగా రావాలి. ఈజిప్టులోనైనా, బాబిలోనులోనైనా, గోదావరి ఒడ్డునైనా గోడ వంకరగా కడితే పడిపోతుంది. పని ఒకటైతే గీతా ఒకటే అవుతుంది. దానికి దొంగతనం అంటగట్టనక్కర్లేదు.

గీత ఒకటే. మరి అర్థం? అక్కడే యూదుల కథ మొదలవుతుంది.

ఫ్రీమేసన్ల పురాణమంతా యూదుల సాలమన్ రాజు జెరూసలేంలో కట్టించిన ఆలయం చుట్టూ తిరుగుతుంది. ఆ ఆలయం ముంగిట బోయజు, యాకీను అని పేర్లున్న రెండు స్తంభాలుండేవని బైబిలు చెబుతుంది. లాడ్జిలోనూ ఆ రెండు స్తంభాలుంటాయి. ఆలయం కట్టిన మేస్త్రి హిరాం రహస్యం చెప్పనన్నందుకు హత్య అయ్యాడన్న కథను నాటకంలా ఆడి కొత్త సభ్యుణ్ణి మూడో మెట్టు ఎక్కిస్తారు. ఈ హత్య కథ బైబిల్లో లేదు. లాడ్జీలవాళ్ళు అల్లుకున్నదే. మన స్థలపురాణాల్లాంటిదే అనుకోండి.

తరవాత వాళ్ళ కన్ను యూదుల అంతరంగ విద్య మీద పడింది. దాని పేరు కబాలా. అంటే పరంపరగా అందుకున్నది అని అర్థం. 13వ శతాబ్దం చివర స్పెయిన్‌లో బయటికొచ్చిన జోహార్ అనే పెద్ద గ్రంథం దీనికి ఆధారం. భగవంతుడు అనంతుడు, మన బుద్ధికి అందడు. ఆయన నుంచి పది కాంతులు దిగివచ్చాయి. ఆ పది కాంతుల్నీ మూడు వరసల్లో చెట్టులా గీస్తారు. వాటిని కలిపే దారులు 22. హిబ్రూ అక్షరాలు కూడా 22. సృష్టి అంతా అక్షరాలతో, అంకెలతో అల్లినదని వాళ్ళ భావం.

హిబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంది. ‘జీవం’ అనే మాటలో అక్షరాలు కూడితే 18 వస్తుంది. అందుకని యూదులు శుభకార్యాలకు 18, 36, ఇలా పద్దెనిమిదుల లెక్కన చదివిస్తారు. మన నూటపదహార్లు గుర్తుకు రావడంలేదూ? అక్షరాన్ని అంకె చేసే విద్య మనకూ ఉంది. కటపయాది. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు తెలుసు, మేళకర్త రాగం పేరులో మొదటి రెండక్షరాలు చూసి దాని సంఖ్య చెప్పేస్తారు.

ఈ పది కాంతుల్లో చివరిది, మన లోకానికి దగ్గరగా ఉన్నది, స్త్రీరూపం. షెఖినా అంటారు. ఇంట్లో, జనం మధ్య నిలిచి ఉండే దైవసన్నిధి అన్నమాట. 16వ శతాబ్దంలో పాలస్తీనాలోని సఫేద్ ఊళ్ళో ఈ విద్య అభ్యసించిన సాధకులు శుక్రవారం పొద్దుగూకేవేళ పొలాల్లోకి నడిచి, విశ్రాంతిదినాన్ని కొత్తపెళ్ళికూతురుగా భావించి ఎదురువెళ్ళి పిలుచుకొచ్చేవారు. అదే సాయంత్రం ఇంట్లో దీపాలు వెలిగించేది ఇల్లాలు. శుక్రవారం సంధ్యాదీపం అనగానే మనకు వేరే తోస్తుంది, నిజమే. కాని లక్ష్మి లక్ష్మే, షెఖినా షెఖినాయే. రెండిళ్ళ దీపాలూ వెలుగిస్తాయి గనక రెండిళ్ళూ ఒకటే అంటే ఆ ఇంటివాళ్ళు ఊరుకోరు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదుధర్మం పాటించే కుటుంబాలున్నాయి. ఎఫ్రాయిము వంశం వాళ్ళమని చెప్పుకుంటారు. 1991 నుంచీ అక్కడ వాళ్ళకు ప్రార్థనామందిరం ఉంది. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే ఆ విశ్రాంతిదినం వాళ్ళకు తమదే, మరొకదానికి నకలు కాదు.

ఈ విద్య నేర్వాలంటే ధర్మశాస్త్రం క్షుణ్ణంగా చదివి ఉండాలి, పెళ్ళయి ఉండాలి, నలభై ఏళ్ళు నిండాలి అని యూదుల్లో ఒక కట్టుబాటు. మగవాడై ఉండాలన్నది చెప్పనక్కర్లేని నియమం. నలభై నాకూ దాటాయి, పెళ్ళీ అయింది. అయినా గుమ్మం దగ్గరే ఆగిపోతాను.

మరి ఇంత కట్టుదిట్టమైన విద్య తోలు ఏప్రన్ల దొరల చేతికి ఎలా వచ్చింది? చేతులు మారి వచ్చింది. 17వ శతాబ్దంలో ఒక జర్మన్ క్రైస్తవ పండితుడు జోహార్ భాగాల్ని లాటిన్‌లో పెట్టాడు. ఆ లాటిన్ చూసి 1887లో మేథర్స్ అనే ఆయన ఇంగ్లీషు చేశాడు. ఈయన ఫ్రీమేసన్. మరుసటి ఏడే, 1888లో, ఇంకో ఇద్దరు ఫ్రీమేసన్లతో కలిసి లండన్‌లో గోల్డెన్ డాన్ అనే రహస్యసంఘం పెట్టాడు. అందులో సభ్యుల మెట్లన్నీ కబాలా చెట్టు మీద పది కాంతుల లెక్కన పేర్చారు. ఆడవాళ్ళనూ చేర్చుకున్నారు, అది మెచ్చుకోవలసిందే. ఆ చెట్టును పూజగా కాపాడుకున్న యూదుల ప్రమేయం ఆ అమరికలో ఎంత? లేదనే చెప్పాలి.

ఇంకో చిత్రం వినండి. యూదు అనగానే మనకు తోచే ఆరుమూలల నక్షత్రం అసలు మొదటినుంచీ వాళ్ళ మతచిహ్నం కాదు. కబాలా చరిత్రను జీవితమంతా పరిశోధించిన గెర్షోం షోలెం (1897-1982) ఆ సంగతి విడమరిచి రాశారు. ఆయనా యూదుడే. జెరూసలేంలో ఆచార్యుడు. పాతకాలంలో అందరూ వాడిన అలంకారమే అది. ఢిల్లీలో హుమాయూన్ సమాధి కమానుల మీద చూడండి, ఆరుమూలల నక్షత్రాలు బారులు తీరి ఉంటాయి. ముస్లిములు దాన్ని సులేమాన్ ముద్ర అన్నారు. మనవాళ్ళు షట్కోణం అన్నారు, శివశక్తుల కలయిక అన్నారు. 14వ శతాబ్దంలో ప్రాగ్ నగరపు యూదుల జెండా మీదికి ఎక్కి, నెమ్మదిగా వ్యాపించి, 1897లో యూదు జాతీయోద్యమం మొదటి మహాసభతో వాళ్ళ జాతి గుర్తయింది.

యూదుల మాట హైదరాబాదుకు కొత్త కాదు. గోషామహల్ కట్టడానికి ముందే, కుతుబ్‌షాహీల కాలంలోనే, ఒక యూదు మార్మికుడు ఈ ఊళ్ళో మసలాడు. ఆయనే సర్మద్. ఇరాన్‌లో కాషాన్ ఊళ్ళో యూదు కుటుంబంలో పుట్టి, ఇస్లాం స్వీకరించి, వ్యాపారానికి సింధు దేశం వచ్చి, అభయచంద్ అనే హిందూ యువకుడి స్నేహంలో పడి సర్వం వదిలేసి దిగంబర ఫకీరయ్యాడు. మతాలన్నిటినీ వర్ణించే దబిస్తాన్ అనే పారశీక గ్రంథకర్త 1647లో ఆయన్ను హైదరాబాదులోనే కలిసి యూదుధర్మం గురించి అడిగి తెలుసుకున్నాడు. అభయచంద్ చేత బైబిలు ఆదికాండం కొంత పారశీకంలోకి రాయించి ఆ గ్రంథంలో చేర్చాడు. ఒట్లు లేవు, కావలివాడు లేడు. అడిగినవాడికి తెలిసినవాడు చెప్పాడు. ఆ సర్మద్‌ను తరవాత ఢిల్లీలో ఔరంగజేబు శిరచ్ఛేదం చేయించాడు. జామా మసీదు దగ్గరే సమాధి.

రెండువందల ఏళ్ళకు పైగా గడిచాక, ఒక తెలుగాయన ఈ అక్షరాల లెక్కను ఇంకో వైపు నుంచి ముట్టుకున్నారు. 1856లో కాకినాడలో పుట్టిన తల్లాప్రగడ సుబ్బారావుగారు. మద్రాసులో వకీలు. దివ్యజ్ఞాన సమాజంలో పేరుమోసిన మేధావి. ఆ సమాజం ముద్రలోనూ మన రెండు త్రికోణాలున్నాయి, చుట్టూ తోక మింగే పాముతో. 1881లో వాళ్ళ పత్రికలో ఆయన పన్నెండు రాశుల మీద వ్యాసం రాస్తూ, ‘మ’ అంటే కటపయాది లెక్కలో అయిదు, ‘కర’ అంటే చేయి, కాబట్టి మకరం అంటే పంచకోణం అన్నారు. కన్య ఆరో రాశి గనక ప్రకృతిలో ఆరు శక్తులకు గుర్తన్నారు. యూదు పండితులు హిబ్రూలో చేసిన పనే! కాని ఆయన దాన్ని కబాలా అనలేదు. మన లెక్కతో మన మాటను విప్పారు. సమాజం స్థాపించిన బ్లావట్‌స్కీ అమ్మగారు మనిషిలో తత్త్వాలు ఏడు అంటే, కాదు నాలుగంటే చాలునని 1887లో పత్రికలోనే వాదించారు. 34 ఏళ్ళు నిండకుండానే, 1890లో, పోయారు.

ఆడవాళ్ళకు మూసిన తలుపును తోసిందీ ఆ సమాజం మనిషే, అనీబిసెంట్. 1893లో ఫ్రాన్సులో స్త్రీపురుషులిద్దరినీ చేర్చుకునే మేసన్ సంఘం పుట్టింది. అనీబిసెంట్ 1902లో అందులో చేరి దాన్ని ఇంగ్లండుకు తెచ్చింది. స్త్రీలే నడుపుకునే లాడ్జీలు కూడా ఇంగ్లండులో ఉన్నాయి. మన మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టించిన అనీబిసెంటే ఈవిడ. ఆ మదనపల్లెలోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా నిలబెట్టాలని 1911లో ఒక నక్షత్ర సంఘం కట్టారు. సభ్యులకు అయిదుమూలల వెండి నక్షత్రం గుర్తు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, అనీబిసెంట్ ఎదుట, వేలమంది వింటుండగా ఆ తెలుగుబిడ్డ లేచి సంఘాన్ని రద్దు చేసేశాడు. సత్యాన్ని ఏ సంఘమూ కట్టి పెట్టలేదని చెప్పి, వచ్చిన ఆస్తులు వెనక్కిచ్చేశాడు. తలుపు తోసింది ఆవిడైతే, అసలు తలుపెందుకని అడిగింది ఈయన.

మీరు అనవచ్చు, ఎవరో నలుగురు తలుపేసుకుని బొమ్మలు చూసుకుంటే మనకేం పోయింది, అని. నేనూ చాలాకాలం వినోదంగానే చదివాను. కాని తలుపు వెనక ఏముందో తెలియనప్పుడు బయటివాడు తనకు తోచింది ఊహిస్తాడు. ఉత్తరాదిన జనం లాడ్జీలను ‘జాదూఘర్’ అన్నారు. అది అమాయకత్వం. ఐరోపాలో ఆ ఊహ విషమైంది. లాడ్జీల్లో సాలమన్ ఆలయం, హిబ్రూ పేర్లు చూసి, యూదులూ ఫ్రీమేసన్లూ కూడి లోకాన్ని మింగేస్తున్నారని ప్రచారం పుట్టింది. 1903లో రష్యాలో ఒక కుట్ర పత్రం అచ్చయింది. అది దొంగపత్రమని 1921లో లండన్ టైమ్స్ పత్రిక రుజువుచేసింది. నమ్మదలుచుకున్నవాళ్ళు నమ్మనే నమ్మారు. హిట్లర్ లాడ్జీలు మూయించాడు. 1941 సెప్టెంబరులో జర్మనీలో ఆరేళ్ళు నిండిన ప్రతి యూదూ పసుపుపచ్చ గుడ్డతో ఆరుమూలల నక్షత్రం బట్ట మీద కుట్టుకోవాలని శాసించాడు. ఆ నక్షత్రాలు కుట్టింది ఎవరనుకున్నారు? తల్లులే అయి ఉంటారు. పిల్లాడి చొక్కా ఒళ్ళో పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించి. ఆ గుర్తుతో రైళ్ళెక్కించిన వాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు బహుకొద్ది. ఆ శాసనం చేసిన చెయ్యే మన స్వస్తిక్‌ను తన జెండా మీద ఎక్కించుకుంది. గీతకు పాపం ఏం తెలుసు!

అంచేత నాకు తోచేది ఇది. ఒకే బొమ్మ రెండుచోట్ల కనపడితే ‘‘అంతా మనదే’’ అనే గొప్పా వద్దు, ‘‘అంతా కూడబలుక్కున్నారు’’ అనే భయమూ వద్దు. రెండూ ఒక్క బద్ధకం నుంచే పుడతాయి, అడిగి తెలుసుకునే ఓపిక లేకపోవడం నుంచి. గీత తాడూ మేకుల నుంచి వచ్చింది. అర్థం మాత్రం ఏ ఇంటిది ఆ ఇంటివాళ్ళను అడిగి తెలుసుకోవలసిందే, హైదరాబాదులో సర్మద్‌ను ఆ గ్రంథకర్త అడిగినట్టు.

ఈసారి శివరాత్రికి కాకపోయినా, రద్దీ లేని రోజు చూసుకుని కీసరగుట్ట వెళ్ళండి. పిల్లల్నీ తీసుకెళ్ళండి. స్వామి దర్శనం అయ్యాక ఆ బండ ఎక్కడుందో ఎవరినైనా అడగండి. టిక్కెట్టు లేదు, ఒట్టు లేదు, కావలివాడు లేడు. పట్టపగలు, ఎండలో, దారిన పోయే ఎవరైనా చదువుకొమ్మన్నట్టు ఉంటుంది. లిపి మీకు అర్థం కాకపోయినా మాట అర్థమవుతుంది, మనమాటే గనక. పదిహేను వందల ఏళ్ళ కిందటి పనివాళ్ళు పని ముగించి రాసుకున్న పేరు అది: తొలుచువాండ్రు.